పుట్టుకతోనే పడిన శిక్ష: వెన్నెలకంటి రాఘవయ్య గారి జీవితం



ఈ మధ్య ఒక ఖైదీ దగ్గర నుంచి మా కార్యాలయానికి ఉత్తరం వచ్చింది. రూళ్ల కాగితం మీద నాలుగు పేజీలు. రక్షణ గురించి, మారుమనస్సు గురించి అందులో రెండు మాటలే ఉన్నాయి. మిగతాదంతా ఫిర్యాదు. జ్వరం వస్తే మందు ఇవ్వలేదని, ఎస్కార్టు పోలీసులు లేరని చెప్పి వాయిదాకు కోర్టుకు తీసుకెళ్లలేదని, ములాఖత్‌కు వచ్చిన తల్లిని సాయంత్రం దాకా గేటు బయట కూర్చోబెట్టి పంపేశారని రాశాడు. ఏ జైలో, ఎవరో చెప్పడం ధర్మం కాదు గనుక చెప్పడం లేదు.

ఆ ఉత్తరాన్ని మేము పక్కన పెట్టేశాము. ఈ మాట ఒప్పుకోవాలి. ఈ పత్రికలో ఖైదీల సాక్ష్యాలు ఎన్నో వేశాము. జైలు పరిచర్యకు వెళ్లే దైవజనులు పంపిన ప్రతి సాక్ష్యానికీ చోటిచ్చాము. పాపంలో ఉన్నాను, వాక్యం విన్నాను, మారాను అని రాస్తే సంతోషంగా అచ్చు వేస్తాము. అన్నంలో పురుగులు ఉన్నాయని రాస్తే మాత్రం అది మన పత్రిక పని కాదనుకుంటాము. దొంగలకు మర్యాదలేమిటి అని అడిగే పాఠకులు మనలోనే ఉన్నారు. మత్తయి సువార్త 25వ అధ్యాయం కంఠతా వచ్చినవారే ఆ మాట అడుగుతారు. చెరలో ఉన్నవాడిని చూడడానికి వెళ్లడం మనకు ఇష్టమే. వాడు నోరు తెరిచి మాట్లాడితే వినడమే కష్టం.

ఆ కాగితాలు బల్ల మీదే ఉండిపోయాయి. అప్పుడు మాకు వెన్నెలకంటి రాఘవయ్య గారు గుర్తుకొచ్చారు. ఆయన క్రైస్తవుడు కాదు. గాంధీగారి దారిలో నడిచిన కాంగ్రెస్ మనిషి, నెల్లూరు న్యాయవాది. మన సంఘాల్లో ఆయన పేరు ఎవరూ ఎత్తరు. అయినా ఈ వారం ఈ పేజీ ఆయనకే ఇస్తున్నాము. మన మిషన్ల చరిత్రలో మనం తీరికగా చదవని ఒక పుట ఆయన జీవితం పక్కనే ఉంది.

రాఘవయ్య గారు 1897లో నెల్లూరు జిల్లాలో పుట్టారు. అప్పటి నెల్లూరు జిల్లా ఇప్పటి కంటే చాలా పెద్దది. సముద్రం పక్కనే ఉప్పు కొఠార్లు, పెన్నా కాలువల కింద మాగాణి, దక్షిణాన పులికాట్ సరస్సు, సరస్సుకూ సముద్రానికీ మధ్య శ్రీహరికోట అడవి. ఈ తీరమంతా యానాదుల ఊరు. అనాది నుంచి ఉన్నవారు కాబట్టే యానాదులు అయ్యారని ఒక మాట ఉంది. అది నిజమో కాదో గానీ, శ్రీహరికోట అడవిలో దుంపలు, తేనె, చిరువేరు ఏరుకుని బతికేవారు వాళ్లే. 1835లో కంపెనీ ప్రభుత్వం ఆ దీవిని తన అధీనంలోకి తీసుకుంది. అడవి సర్కారుదైంది, అడవిలో ఏరుకునే చేతులు కూలి చేతులయ్యాయి. మిగిలినవారు ఊళ్ల చివర గుడిసెలు వేసుకుని చేపలు పట్టారు, పొలాల్లో ఎలుకలు పట్టారు, రైతుల దగ్గర పాలేర్లుగా చేరారు. రాత్రిపూట పొలానికి, కళ్లానికి కాపలా కాసింది కూడా యానాదులే. కళ్లంలోని ధాన్యమంతా వాళ్లకు అప్పగించి నిద్రపోయిన ఊరే, పొద్దున ఏదైనా పోతే ముందు వాళ్ల గుడిసెలే వెతికేది.

ఎరుకలవారి కథ ఇంకొంచెం వేరు. వాళ్లు గాడిదల మీద, ఎద్దుల మీద తీరం నుంచి ఉప్పు ఎత్తుకుని పైదేశానికి పోయి, అక్కడి నుంచి ధాన్యం తెచ్చి అమ్మేవారు. బుట్టలు అల్లేవారు, సోదె చెప్పేవారు. ఉప్పు మీద సర్కారు పెత్తనం వచ్చింది. రైలు వచ్చింది. గాడిద మీద పోయే ఉప్పు బస్తా రైలు పెట్టె ముందు నిలవలేదు. బతుకు పోయిన మనుషులు ఊరూరా తిరుగుతుంటే, తిరుగుడే వాళ్ల నేరమైంది.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. మొదట ఉత్తరాదిన అమలు చేశారు. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. దాని తీరు మన పాఠకులకు కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది కథ అనుకునేవారున్నారు. ఒక జాతిని నేరస్థ జాతి అని ప్రభుత్వం గెజెట్‌లో ప్రకటిస్తుంది. ఆ రోజు నుంచి ఆ జాతివారి పేర్లు రిజిస్టరులో ఎక్కుతాయి, వేలిముద్రలు తీసుకుంటారు. వాళ్లు వేళకు వచ్చి హాజరు పలకాలి. ఊరు దాటాలంటే అనుమతి చీటీ కావాలి. చీటీ లేకుండా పొరుగూరి పెళ్లికి పోయినా నేరమే. నిర్దేశించిన నేరాల్లో రెండోసారి శిక్ష పడితే ఏడేళ్లకు తగ్గని జైలు, మూడోసారి అయితే యావజ్జీవ ద్వీపాంతరం. పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బడిలో పెట్టే అధికారం కూడా ప్రభుత్వానికి ఉంది. ఏ తప్పూ చేయని పసివాడికి కూడా రేపు ఆ రిజిస్టరులో ఒక గడి సిద్ధంగా ఉంటుంది. వేలిముద్రలు ఇవ్వబోమని మదురై దగ్గర పెరుంగామనల్లూరులో కళ్లర్లు 1920లో ఎదురు తిరిగితే పోలీసులు కాల్పులు జరిపారు. మనుషులు చచ్చిపోయారు.

ఈ చట్టంలో ఇంకొక సంగతి ఉంది. రాఘవయ్య గారిలాంటి న్యాయవాదికి అన్నిటికంటే అదే పెద్ద అడ్డు అయి ఉండాలి. ఒక జాతిని నేరస్థ జాతిగా ప్రకటించడం సరైనదా కాదా అని ఏ కోర్టూ ప్రశ్నించడానికి వీల్లేదు. హంతకుడికి కూడా వకీలు ఉంటాడు, సాక్షులు ఉంటారు, అప్పీలు ఉంటుంది. యానాదికి, ఎరుకలవాడికి పడిన ఈ ముద్రకు అప్పీలు లేదు. నల్లకోటు వేసుకుని నెల్లూరు కోర్టులో ఎంత గట్టిగా వాదించినా ఒక్క మనిషి కేసు గెలవవచ్చు గానీ, ఆ మనిషి జాతి మీద ఉన్న తీర్పును ముట్టుకోవడానికి లేదు.

కోర్టు తలుపు మూసి ఉంటే మిగిలేది బయట మాట్లాడడమే. రాఘవయ్య గారు ఆ పనికే దిగారు. యానాదుల గుడిసెల చుట్టూ తిరిగారు. యానాది సంఘం పెట్టి వాళ్లను కూడగట్టారు. సభలు జరిపారు. నీ పేరేమిటి, నీ తండ్రి పేరేమిటి అని పోలీసు రిజిస్టరు తప్ప ఎవరూ అడగని మనుషులను వేదిక దగ్గరకు పిలిచి కూర్చోబెట్టారు. ఊరి పెద్దల ముందు మొలగుడ్డతో నిలబడడానికి అలవాటుపడ్డవాడు సభలో కూర్చోవడమంటే ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. పిల్లలకు బడి, వసతి గృహం, ఇంటికి చోటు, సాగుకు భూమి అంటూ అధికారుల చుట్టూ అర్జీలతో తిరిగారు. వెట్టి పాలేరుతనం కూడా ఆయనకు ఎదురైన పెద్ద సమస్యే. రైతు దగ్గర తండ్రి చేసిన అప్పుకు కొడుకు పని చేయడం ఈ తీరంలో మామూలు. చట్టం ఒక పక్క, అప్పు ఒక పక్క కట్టేసిన మనుషులు వాళ్లు.

ఇక మన పుట దగ్గరకు వద్దాము.

నేరస్థ జాతులుగా ముద్ర పడ్డవారిని సెటిల్‌మెంట్లలో పెట్టాలని ప్రభుత్వం నిర్ణయించినప్పుడు, వాటిని నడపడానికి మిషన్లను అడిగింది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం, బెజవాడకు ఎదురుగా సీతానగరం సాల్వేషన్ ఆర్మీ చేతికి వచ్చాయి. నెల్లూరు తీరాన కావలిలో ఎరుకలవారి సెటిల్‌మెంట్‌ను అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది. శామ్యూల్ బాడెన్ దొరగారు దానికి చాలా ఏళ్లు అధికారిగా ఉన్నారు. కావలి అనే మాటకే కాపలా అని అర్థం. ఊరి పేరు ఎప్పటిదో, ఈ పని తర్వాత వచ్చింది. అయినా ఆ పేరు చదివినప్పుడల్లా మాకు మనసు ఒక్క క్షణం ఆగుతుంది.

బాడెన్ గారిని, సాల్వేషన్ ఆర్మీ అధికారులను తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం మాకు లేదు. వాళ్లు దూరదేశం నుంచి వచ్చి, సొంత దేశస్థులే దగ్గరకు రానివ్వని మనుషుల మధ్య కాపురం పెట్టారు. బడి పెట్టారు, పని నేర్పారు, రోగం వస్తే మందు ఇచ్చారు. పోలీసు లాఠీ కింద ఉండడం కంటే మిషన్ కాంపౌండులో ఉండడం మేలని అనుకున్నవాళ్లు ఉండే ఉంటారు. ఈ రోజు మన సంఘాల్లో ఉన్న ఎన్నో ఎరుకల కుటుంబాల విశ్వాసం మొదలైంది ఆ కాంపౌండుల్లోనే. ఇదంతా నిజం. ఆ కాంపౌండులో హాజరు పట్టీ ఉందన్నదీ నిజం. చీటీ లేకుండా బయటికి పోతే పట్టుకొచ్చి శిక్షించే చట్టం ఉందన్నదీ నిజం. ఆదివారం ఆరాధనలో పక్కన నిలబడి పాడినవాడే సోమవారం హాజరు పిలిచాడు. కాపరి, కాపలాదారు ఒకే మనిషి అయినప్పుడు గొర్రె ఎవరికి మొర పెట్టుకోవాలి?

మన మిషన్లు మానవత్వంతో నడుచుకున్నాయి, అందులో అనుమానం లేదు. కానీ లోపల ఉన్నవారి మాట బయటికి వచ్చిందా? ఆనాటి మిషన్ పత్రికల్లో సెటిల్‌మెంట్ల గురించి కథనాలు ఉండేవి. పాతరోజుల దొంగ ఈ రోజు ప్రార్థన చేస్తున్నాడని రాసేవారు. దొంగ అని రాయించుకున్నవాడు తాను ఏనాడూ దొంగతనం చేయలేదని చెప్పడానికి ఆ కథనాల్లో ఎంత చోటు ఉండేది? మారిన దొంగగా తప్ప అతనికి అచ్చులో స్థానం దొరకడం కష్టం. మా బల్ల మీద ఉన్న ఉత్తరం గుర్తొచ్చింది ఇక్కడే. వందేళ్ల తర్వాత కూడా మేము అదే నియమం పాటిస్తున్నాము.

రాఘవయ్య గారికి, మిషనరీలకు తేడా ఎక్కడుందో మేము చాలాసేపు ఆలోచించాము. దయలో తేడా లేదు. కష్టపడడంలోనూ లేదు. మిషనరీలు ఆ చట్టాన్ని ఉన్నదున్నట్టు తీసుకుని దాని లోపల మంచి చేయాలని చూశారు. రాఘవయ్య గారు చట్టమే ఉండకూడదని అడిగారు.

అడిగే అవకాశం కూడా ఆయనకు దొరికింది. 1946లో మద్రాసులో టంగుటూరి ప్రకాశం పంతులు గారి మంత్రివర్గం ఏర్పడినప్పుడు రాఘవయ్య గారు పార్లమెంటరీ కార్యదర్శిగా ఉన్నారు. గుడిసెల మధ్య తిరిగిన మనిషి సచివాలయంలో కూర్చున్నారు. ప్రకాశం గారి ప్రభుత్వం ఏడాది నిండకుండానే పోయింది. మద్రాసు రాష్ట్రంలో నేరస్థ జాతుల చట్టం రద్దు 1947లో జరిగింది. దీనికి ఎందరో పాటుపడ్డారు. తమిళ జిల్లాల్లో కళ్లర్లు, వాళ్ల నాయకులు చేసిన పోరాటం పెద్దది. తెలుగు జిల్లాల వైపు నుంచి పట్టు విడవకుండా అడిగినవారిలో రాఘవయ్య గారి పేరు ముందు చెప్పుకోవాలి.

దేశమంతటా ఏం చేయాలో చూడడానికి 1949లో ఒక విచారణ సంఘం వేశారు. దాని అధ్యక్షుడు మన తిరుపతి ప్రాంతం వారే, అనంతశయనం అయ్యంగారు. తర్వాత లోక్‌సభ స్పీకరు అయ్యారు. ఆ సంఘం రద్దుకే సిఫారసు చేసింది. 1952 ఆగస్టు 31న చట్టం దేశమంతటా పోయింది. అందుకే ఆ జాతులవారు ఆగస్టు 31ని తమ విముక్తి దినంగా జరుపుకుంటారు. మనకు ఆగస్టు 15 తెలుసు, ఈ 31 తెలియదు. ఐదేళ్లు ఆలస్యంగా స్వాతంత్ర్యం వచ్చినవాళ్లు మన ఆరాధనలో పక్క వరుసలోనే కూర్చుని ఉండవచ్చు.

పాత చట్టం పోయిన చోట అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. మద్రాసులో అయితే 1948లోనే వచ్చింది. ఈసారి జాతి పేరు రాయలేదు, మనిషి పేరు రాశారు. అది కొంత మేలే. కానీ పోలీసు స్టేషన్లో గోడ మీద పాత జాబితా చెరిపేసినంత త్వరగా మనసులోది చెరగదు. సినిమాలవారు కూడా దాన్ని చెరగనివ్వలేదు. 1991లో స్టువర్టుపురం పోలీస్ స్టేషన్ వచ్చింది, మొన్న 2023లో టైగర్ నాగేశ్వరరావు వచ్చింది. ఆ ఊరి పేరు చెబితే నవ్వేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఊరి పిల్లవాడు ఉద్యోగానికి దరఖాస్తులో చిరునామా రాసేటప్పుడు ఎంతసేపు ఆగుతాడో ఆ నవ్వేవారికి తెలియదు.

చట్టం రద్దయ్యాక రాఘవయ్య గారు విశ్రాంతి తీసుకోలేదు. ఠక్కర్ బాపా స్థాపించిన ఆదిమజాతి సేవక్ సంఘ్ పనిలో ఉన్నారు. నెల్లూరు కేంద్రంగా ఆంధ్ర రాష్ట్ర ఆదిమజాతి సేవక సంఘాన్ని నడిపారు. వయసు మీద పడ్డాక రాయడం ఎక్కువ చేశారు. యానాదుల మీద ఆయన ఇంగ్లీషులో రాసిన పుస్తకం 1962లో వచ్చింది. 1968లో సంచార జాతుల మీద, 1971లో గిరిజన తిరుగుబాట్ల మీద పుస్తకాలు తెచ్చారు. పోలీసు రికార్డులు, గెజెటీర్లు తప్ప కాగితం మీద లేని మనుషులకు వేరే కాగితం తయారుచేయాలన్న పట్టుదల ఆ వరుసలో కనిపిస్తుంది. యానాదిని ముందు నేరస్థుడిగా రాసినవారి పక్కన, యానాది ఏం తింటాడు, ఎవరిని కొలుస్తాడు, ఎలా పెళ్లి చేసుకుంటాడు, ఏమి పోగొట్టుకున్నాడు అని రాసినవారు ఒకరైనా ఉన్నారు. ఆయన రాసిన ప్రతి మాటతో నేటి యానాది యువకులు ఏకీభవించకపోవచ్చు. మా గురించి మేమే రాసుకుంటాము అనేది న్యాయమైన మాట. ఆ రోజుల్లో ఆ అవకాశం వాళ్ల చేతికి ఇంకా రాలేదు.

1973లో ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది. అప్పటికే శ్రీహరికోట రాకెట్ల దీవి అయింది. 1971 అక్టోబరులో అక్కడి నుంచి మొదటి రాకెట్ లేచింది. అడవిలోని యానాదులు మళ్లీ ఒకసారి ఇల్లు మారారు. దేశానికి గర్వం తెచ్చిన నేల అది, మాకూ గర్వమే. ఆ నేల మీద అంతకు ముందు ఎవరున్నారో కూడా చెప్పుకుంటే ఆ గర్వానికి వచ్చే లోటేమీ లేదు.

రాఘవయ్య గారు 1981లో కన్నుమూశారు. ఎనభై నాలుగేళ్లు బతికారు.

ఆయన సెటిల్‌మెంటు ఖైదీల కోసం అడిగినదాన్ని తర్వాత జైలు ఖైదీల విషయంలో కోర్టులు కొంత కొంతగా చెప్పాయి. 1974లో విశాఖపట్నం జైలులో ఉన్న నక్సలైటు ఖైదీలు, జైలు గోడ మీద కరెంటు తీగ పెట్టారని సుప్రీంకోర్టుకు వెళ్లారు. భువన్ మోహన్ పట్నాయక్ కేసు అది. శిక్ష పడినంత మాత్రాన మనిషికి ప్రాథమిక హక్కులన్నీ పోవని కోర్టు ఆ కేసులో చెప్పింది. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది. జైళ్లలో కులం చూసి వంట పని ఒకరికి, పాకీ పని ఒకరికి ఇవ్వడం చెల్లదని, విముక్త జాతులవారిని పుట్టుక చూసి అలవాటు నేరస్థులుగా లెక్కకట్టడం తప్పని చెప్పింది. 1952లో రద్దయిన చట్టం వాసన జైలు నిబంధనల పుస్తకాల్లో డెబ్బై రెండేళ్ల తర్వాత కూడా దొరికిందన్నమాట. ఆ విషయాన్ని బయటపెట్టి కోర్టుకు వెళ్లినది సుకన్యా శాంత అనే పాత్రికేయురాలు. పత్రికలు నడిపే మాలాంటివారు ఆ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

మన దేశపు జైళ్లలో ఉన్న ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు ఇంకా విచారణ ఖైదీలే. నేరం రుజువు కాలేదు. జామీను డబ్బు లేకనో, జామీను నిలబడే మనిషి లేకనో, వాయిదాకు తీసుకెళ్లేవారు లేకనో లోపల ఉన్నారు. దొంగలకు మర్యాదలెందుకు అని అడిగే పాఠకులకు మొదట ఈ లెక్క చెప్పాలి. రెండో సంగతి, నేరం రుజువైనవాడికి న్యాయాధికారి వేసిన శిక్ష జైలులో ఉండడమే. మందు లేకుండా ఉండడం, తల్లిని చూడకుండా ఉండడం ఆ తీర్పు కాగితంలో ఎక్కడా రాసి ఉండదు. బాధితుల మాటేమిటి అని అడుగుతారు. సరైన ప్రశ్నే. ఇల్లు దోచుకోబడిన కుటుంబం, బిడ్డను పోగొట్టుకున్న తల్లి మన సంఘాల్లోనే ఉన్నారు, వాళ్ల కన్నీటికి ఈ పత్రికలో ముందు చోటు ఉంటుంది. ఖైదీకి జ్వరం మాత్ర ఇస్తే ఆ తల్లికి తగ్గేదేమీ లేదు. ఆమె దుఃఖాన్ని అడ్డం పెట్టుకుని మందు ఆపేవాడు ఆమె పేరును వాడుకుంటున్నాడు, అంతే.

ఖైదీలు అబద్ధం రాస్తే ఎలా అని మా కార్యాలయంలోనే ఒకరు అడిగారు. రాయవచ్చు. బయటివాళ్లు కూడా రాస్తారు, వాళ్ల ఉత్తరాలు వేస్తూనే ఉన్నాము. ఆరోపణ ఉన్నప్పుడు అవతలివారిని కూడా అడగడం పత్రిక పని. అడిగాక వేయాలి. అసలు అడగకుండా సొరుగులో పెట్టడానికి అది కారణం కాదు.

ఆ నాలుగు పేజీల ఉత్తరంలోని ఆరోపణల గురించి సంబంధిత అధికారులకు ఈ వారం రాశాము. వారి జవాబు వచ్చినా రాకపోయినా, మనిషి పేరు, ఊరు తీసేసి వచ్చే సంచికలో ఆ ఉత్తరాన్ని వేస్తున్నాము. సాక్ష్యాల శీర్షిక కింద కాదు. పాఠకుల ఉత్తరాల్లో, మిగతావాటితో పాటే. జైలు పరిచర్యకు వెళ్లే సహోదరులకు ఒక మనవి: ఈసారి వెళ్లేటప్పుడు వాక్యంతో పాటు కొన్ని రాతకాగితాలు, అధికారుల అనుమతితో, తీసుకెళ్లండి. చదవడం రానివాళ్లు చెబితే మీరు రాయండి. మా చిరునామా మీకు తెలుసు.